ఆరు గంటల పాటలో మూడో చరణం

నోటికి మాటనీ చెవికి వినికిడినీ ఇచ్చిన తండ్రికి ముందుగా స్తోత్రం. తెలిసి పలికిన మాటనీ తెలియక పలికిన మాటనీ ఒకే దోసిట్లో పట్టుకోగల దేవునికి స్తోత్రం. మా తాత చేలో పార దించే ముందు కూడా ఇలాగే స్తోత్రం చెప్పేవాడు. ఇంకా ఏమీ జరగకముందే ఎందుకు తాతా అని అడిగితే, "జరిగాక చెప్పడానికి గుండె ఒప్పుకుంటుందో లేదోనమ్మా, ముందే చెప్పేసుకోవాలి" అనేవాడు. ఈ సంగతి రాయడానికి నాకు ఒక్క వారం ముందు వరకూ గుండె ఒప్పుకోలేదు. అందుకని నేనూ ముందే చెప్పుకున్నాను.

నేను బడిపంతులమ్మగా చేసి రిటైరై నల్లపాడు వైపు ఒక చిన్న ఇంట్లో ఉంటున్నాను. మా పేటకి వెళ్ళడం తక్కువ. తమ్ముడు పోయిన తర్వాత మరీ తగ్గింది. అక్కడ ఉన్నది తమ్ముడి భార్య రూతమ్మ ఒక్కతే. మిరపకోతల రోజుల్లో ఆమె ఫోన్ చేసింది. మిషను బడి మేడమీద మూడేళ్ళుగా ఒక చిన్న రేడియో నడుస్తోందని, చుట్టుపక్కల పదిహేను ఊళ్ళకి వినిపిస్తుందని, పొద్దున ఆరు గంటలకి వచ్చే పాత సంఘకీర్తనలు తీసేసి కొత్త పాటలు వేస్తామంటున్నారని, ఆదివారం ఆరాధన అయ్యాక వినేవాళ్ళందరినీ కూర్చోబెట్టి అడుగుతారని చెప్పింది. "ఊరంతా రెండు ముక్కలైపోయింది వదినా. చదువుకున్నదానివి, నువ్వొచ్చి ఒక మాట చెప్పు" అంది. పాత కీర్తనలంటే ఎవరో ఎక్కడో పాడినవి అనుకున్నాను. శనివారం సాయంత్రం బస్సు దిగాను.

ఆదివారం తెల్లవారాక, మంచు ఇంకా మిరపకల్లాల మీద పల్చగా ఉండగా, వీధిలోకి వచ్చాను. మా పేటలో గాలికి ఆ కాలంలో ఎప్పుడూ ఒకటే వాసన. ఎండుతున్న కాయల ఘాటు, దాని కింద తడిసిన మట్టి. కోతలకి వెళ్ళే ఆడవాళ్ళు టిఫిన్ డబ్బాలు పట్టుకుని ఆటో కోసం గుంపుగా నిలబడి ఉన్నారు. ఆదివారం కదా అంటే, వేరే ఊరి చేను, కాయ రాలిపోతోంది, ఆరాధన వేళకి వచ్చేస్తాం టీచరుగారూ అన్నారు. సరిగ్గా ఆరుకి ప్రతి ఇంట్లోంచి రేడియో మొదలైంది. కొన్ని చోట్ల పెట్టె, కొన్ని చోట్ల ఫోను. వీధికి అటూ ఇటూ ఒకే పాట. ముందు డోలక్. తర్వాత ఒక పిల్ల గొంతు, పలుచగా, కాస్త భయంగా, పాడకుండా చదివినట్టు ఒక మాట అంది.

"చేను నిండ పంటనిచ్చి చేతులెత్త జేసితివి."

వెంటనే ఒక సంఘమంతా ఆ మాటని అందుకుని పాడింది. నా కాళ్ళు ఆగిపోయాయి. ఆ పిల్ల గొంతు నాది. తొమ్మిదేళ్ళప్పటిది. అందుకుని పాడుతున్నవాళ్ళలో దాదాపు అందరూ ఎప్పుడో మట్టిలోకి వెళ్ళినవాళ్ళు. ప్రతి పంక్తి చివరా అందరూ ఆపేశాక కూడా ఒక్క గొంతు మాత్రం ఆఖరి అక్షరాన్ని వదలకుండా సాగదీసి, నా తర్వాతి మాట మీదికి వచ్చి ఆగుతోంది. అది మా అక్క సలోమి. అరవై ఏళ్ళకి దగ్గరపడుతోంది ఆ గొంతు విని.

రెండో చరణం అయింది. మూడో చరణానికి ఆ పిల్ల నోరు తెరిచింది. "మంటి యిల్లు" అనేంతలో వీధి మొత్తం చప్పుడు లేకుండా అయిపోయింది. ఒక ఇల్లు కాదు, రెండిళ్ళు కాదు. ఎవరో పైనుంచి మూత పెట్టినట్టు అన్ని ఇళ్ళల్లో రేడియో గొంతు ఒకేసారి తగ్గిపోయింది. డబ్బాలు పట్టుకున్న ఆడవాళ్ళు కదల్లేదు. ఒకావిడ చంకలో బిడ్డ చెవిని తన అరచేత్తో మూసింది. పొయ్యి దగ్గర ఎవరిదో గరిట ఆగింది. కోడి ఒకటి మాత్రం చూరు కింద గింజలు ఏరుకుంటూ తిరిగింది. అలా ఒక చరణం పాడేంత సేపు. తర్వాత ఎవరూ ఎవరికీ చెప్పకుండానే మళ్ళీ అన్ని ఇళ్ళల్లోంచీ పాట లేచింది. నాలుగో చరణం. గరిట కదిలింది. ఆడవాళ్ళు ఎక్కడ ఆపారో అక్కడి నుంచి మాట అందుకున్నారు.

ఇంట్లోకి వచ్చి రూతమ్మని అడిగాను. ఆమె పిండి కలుపుతూ తల ఎత్తలేదు.

"అది సమాధి పాటలోది వదినా. పంట పాట మధ్యలో ఎలా వచ్చిందో, ఏం ఖర్మో. మొదట్లో ఎవరూ తగ్గించలేదు. వినగా వినగా కొన్ని జరిగినయ్యి. చివరి వీధిలో ముసలాయన అది పూర్తిగా విన్న రోజే పోయాడన్నారు. ఇంకో ఇంట్లో గేదె పడిపోయింది. నిజమో అబద్ధమో దేవుడికి తెలియాలి. ఇంక అందరూ తగ్గించేస్తారు. ఊళ్ళో హిందువులు కూడా తగ్గించేస్తారు."

"మరి ఆ మాట అందించే పిల్ల ఎవరో తెలుసా?"

"ఎవరికి తెలుసు? ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది" అంది రూతమ్మ. తను పెళ్ళై వేరే ఊరి నుంచి వచ్చింది. తనకి తెలిసే వీలు లేదు. నేను చెప్పలేదు.

ఇప్పటివాళ్ళకి మాట అందించడమంటే ఏమిటో చెప్పాలి. మా చిన్నప్పుడు మా పేటలో చదవడం వచ్చినవాళ్ళు ముగ్గురో నలుగురో. పాటల పుస్తకం సంఘానికంతా ఒక్కటే. అందుకని ఒకరు నిలబడి పంక్తిని గట్టిగా చదివేవారు, సంఘం దాన్ని పాడేది. మళ్ళీ ఇంకో పంక్తి. దానికి ఒక కట్టుబాటు ఉండేది. అందించిన మాటని వెనక్కి తీసుకోకూడదు. తప్పో ఒప్పో, దేవుని మందిరంలో నోట్లోంచి వచ్చిన మాటని సంఘం ఎత్తుకోవాల్సిందే. రాగాలేమో మా దగ్గర ఉన్నవి నాలుగైదు. పుస్తకంలో ఎన్ని పాటలున్నా ఆ నాలుగైదింటిలోనే ఇమిడిపోయేవి. పంట పాటకీ పెళ్ళి పాటకీ సమాధి పాటకీ ఒకే రాగం ఉండేది. అప్పుడు అది వింతగా అనిపించలేదు.

మాట అందించడం మా తాత పని. ఆయన చూపు మసకబారాక పుస్తకం నా చేతికి వచ్చింది. నేను చెవిలో మెల్లగా చదివితే ఆయన గట్టిగా అందించేవాడు. ఆ పుస్తకం ఎప్పుడూ నూలుగుడ్డలో చుట్టి దూలం మీద ఉండేది. కిందికి దించితే ఆముదం వాసన. ఎందుకంటే కోతల కాలంలో మా ఇంట్లో అందరి చేతులకీ ఆముదమే. మిరపకాయ కోసినవాళ్ళ చేతులు సాయంత్రానికి నిప్పుల్లో పెట్టినట్టు మండుతాయి. నీళ్ళతో కడిగితే ఇంకా మంట. మజ్జిగలో ముంచి, తుడిచి, ఆముదం రాసుకుని అందరూ అరచేతులు పైకి పెట్టుకుని కూర్చునేవారు. చూసేవాళ్ళకి ఇల్లంతా ప్రార్థనలో ఉన్నట్టుండేది. తాత ఆ చేతులతోనే పుస్తకం తిప్పేవాడు. దాని అంచులు పచ్చగా మారి, కొన్ని కాగితాలు ఒకదానికొకటి అంటుకుపోయాయి.

అమ్మ తమ్ముణ్ణి కని పోయింది. అప్పటి నుంచి ఇల్లు అక్క చేతిలో ఉంది. సలోమికి పదిహేడేళ్ళు. పొద్దున సంకటి కెలికి, నాన్నకీ తాతకీ పెట్టి, తమ్ముణ్ణి వీపున కట్టుకుని పత్తికి పోయేది. సాయంత్రం వస్తే జుట్టు నిండా దూది. అది ఏరడం నా పని. ఏరుతుంటే పాడేది. పంక్తి చివర ఎందుకంత సాగదీస్తావు అంటే, "నువ్వు తర్వాత మాట వెతుక్కునేలోపు ఖాళీ ఉండకూడదు గదే, అందుకని" అనేది. నేను నిదానంగా చదువుతానని అందరికీ తెలుసు. నేను అక్షరం కూడబలుక్కునే ఆ కాస్త సమయాన్ని తన గొంతుతో నింపేది.

ఒంగోలు నుంచి ఒక మిషను అయ్యగారు పెద్ద చక్రాల టేపు రికార్డరు తెచ్చారు, మా సంఘం పాట పట్టడానికి. పంట పండుగ రోజు. మందిరంలో చాపల మీద జనం, మూలన కొత్త మిరపకాయల కానుకల గుట్ట, అందరికీ తుమ్ములు. చక్రం తిరుగుతున్నంత సేపూ ఎవరూ మాట్లాడకూడదు, తుమ్ము వస్తే మింగండి అన్నారు ఆయన. తాత గొంతు బొంగురుగా ఉంది, పిల్లగొంతు బాగా పడుతుంది, పాపే నేరుగా అందించాలి అన్నారు. నేను వేదిక దగ్గర నిలబడ్డాను. మొదటి రెండు చరణాలూ బాగానే అందించాను. మూడోది వెనక పేజీలో ఉంది. తిప్పాను. రెండు కాగితాలు కలిసి తిరిగాయి. ఆముదంతో అంటుకున్నవి. నాకు తెలియదు. పైన కనిపించిన మూడో చరణం చదివేశాను.

"మంటి యిల్లు విడిచితిని, మరల రాను మీ వీధికి.
నా పేరు పిలువకుడి, నన్ను పిలిచినవాడు వేరు."

అది సమాధి పాటలోదని నాకు అప్పుడు తెలియదు. మా పేటలో పిల్లల్ని సమాధుల దగ్గరికి రానిచ్చేవారు కాదు. నేను తలెత్తేసరికి తాత ముఖం చూశాను. చూపు లేని ఆ కళ్ళు నా వైపు తిరిగి ఉన్నాయి. చక్రం తిరుగుతోంది. సంఘం పాడింది. నాకు గుర్తున్నది అంతవరకే. పాడుతున్నప్పుడు అక్క నన్ను చూసి నవ్వింది. అది గుర్తుంది.

వారం తిరగకముందే అక్కకి జ్వరం వచ్చింది. మూడో వారానికి దేవుడు పిలుచుకున్నాడు. నన్ను వద్దన్నారు కానీ పత్తిచేల గట్టు మీద నుంచి పరిగెత్తి సమాధుల దగ్గరికి వెళ్ళాను. తాత ఒక్కడే నిలబడి, పుస్తకం లేకుండా, జ్ఞాపకం మీద మాట అందిస్తున్నాడు. మూడో చరణం వచ్చింది. "మంటి యిల్లు విడిచితిని" అన్నాడు. ఒక్క గొంతూ లేవలేదు. గాలికి పత్తిచెట్లు కదలడం వినిపించింది. తాత మళ్ళీ అందించాడు. మళ్ళీ అంతే. అప్పుడు జనంలోంచి ఒక ఆడమనిషి, ఎవరో చూడలేదు, మెల్లగా అంది. "అది ఆ పిల్లకి ముందే పాడేశాం లేయ్యా." తాత నాలుగో చరణం అందించాడు. మా అక్క ఆ ఒక్క చరణం లేకుండానే మట్టిలోకి వెళ్ళింది. అందరూ పాడినప్పుడు ఆమె మూడో వరసలో కూర్చుని ఉంది, బతికి.

నేను ఆ తర్వాత మళ్ళీ మాట అందించలేదు. ముప్పై ఏళ్ళు బడి ప్రార్థనలో పిల్లల ముందు నిలబడి పెదవులు మాత్రమే కదిపాను. శకునాలు నమ్మకూడదని పిల్లలకి చెప్పాను. వాక్యం చదివాను, నమ్మాను, నమ్ముతున్నాను. అయినా ఆ కాగితాలు కలిసి తిరిగిన చప్పుడు నా వేళ్ళల్లో ఉండిపోయింది. అక్క ఫోటో ఒక్కటి కూడా లేదు. ఉన్నదల్లా ఆ టేపు. అది ఎప్పుడో పాడైపోయి ఉంటుందనుకున్నాను. అది అయ్యగారి ఇంటి ట్రంకు పెట్టెలో దొరికిందని, బడి పిల్లలు కంప్యూటరులోకి ఎక్కించారని, రేడియో మొదలైన రోజు నుంచి రోజూ ఆరు గంటలకి అదేనని రూతమ్మ చెబుతుంటే, ఒకటే అనిపించింది. ఇవాళ సమావేశంలో నిలబడి, తీసేయండి అని చెప్పాలి. నా తప్పు పదిహేను ఊళ్ళకి రోజూ వినిపిస్తోంది. చాలు.

ఆరాధన అయ్యాక బడి వరండాలో బెంచీలు వేశారు. కార్యక్రమం నడిపే అమ్మాయి పేరు ప్రసన్న. పాతికేళ్ళుంటాయి, మాట గలగలా పారుతుంది. మైకు తెరిచి, ఇదంతా రేడియోలో వెళుతోందని చెప్పి, ఫోన్లు కూడా తీసుకుంది. మొదట తనే లేచింది.

"పెద్దలకి వందనాలండి. నాకు ఆ పాటంటే అగౌరవం లేదు. కానీ మన పిల్లలు ఆటో ఎక్కగానే ఫోన్లో సినిమా పాటలు పెట్టుకుంటున్నారు. గిటారు, డ్రమ్స్‌తో మన పిల్లలే మంచి ఆరాధన పాటలు చేశారు. అవి వేస్తే వింటారు."

"అట్టా గంతులేసే పాటలకి పొద్దున్నే దేవుడు లేస్తాడా?" అని వెనక నుంచి ఎవరో.

"దేవుడు ఎప్పుడో లేచాడు బాబాయ్, లేవంది నువ్వే" అంది మార్తమ్మ. మిరపకోత ముఠాకి మేస్త్రి ఆమె. పొద్దున డబ్బాలతో నిలబడ్డవాళ్ళలో అందరికంటే పెద్ద గొంతు. "నా మాట వినండి. పనికి పోయే ముప్పైమంది ఆడాళ్ళు రోజూ చచ్చినోళ్ళ పాటతో బయల్దేరాలా? పంట పాటని వింటాం, సంతోషం. నడిమధ్యలో ఆ చరణం రాగానే కాళ్ళు పట్టేస్తన్నయ్యి. ఆ పిల్ల గొంతు వింటే నాకు ఒళ్ళు జలదరిస్తది. మరల రాను మీ వీధికి అంటది, మళ్ళీ తెల్లారి ఆరుకల్లా వస్తది!"

నవ్వులు. నవ్వినవాళ్ళు వెంటనే ఆపేశారు. ఫోనులో ఒక నేతపని ఆయన మాట్లాడాడు. "మేం హిందువులమండీ, గుడికి వెళ్ళేవాళ్ళం. అయినా ఆరింటికి మగ్గం ఎక్కేది ఆ డోలక్‌తోనే. ఆ ఒక్క చరణానికి మా ఆవిడ తగ్గిస్తది, నేను కాలు ఆపుతా. ఉంచండి. కావాలంటే ఆ ముక్క కోసేయండి."

"కొయ్యకూడదు" అన్నాడు ఒక ముసలాయన. అంతవరకూ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు. యేసుపాదం. కుర్రతనంలో మా సంఘం డోలక్ ఆయనదే. "అందించిన మాట కోసేది కాదు. తీసేస్తే మొత్తం తీసేయండి. కోస్తే మాత్రం ఊరుకోను."

"అంటే తీసేయమంటావా, ఉంచమంటావా తాతా?" అంది ప్రసన్న.

"ముందు, ఈ భయం పట్టినాక దాన్ని ఒక్కసారైనా పూర్తిగా విన్నోళ్ళు ఎవరో చెయ్యెత్తండి. తర్వాత చెబుతా."

ఒక్క చెయ్యీ లేవలేదు. ప్రసన్న కూడా తల దించుకుంది. "మేం కూడా ఆ చరణం వచ్చినప్పుడు హెడ్‌ఫోన్ తీసేస్తామండీ" అంది.

నేను లేచాను. తీసేయండి అని చెప్పడానికే లేచాను. కానీ నోట్లోంచి వచ్చింది వేరే. "ఆ పిల్లని నేనే" అన్నాను. తర్వాత అన్నీ చెప్పాను. ఆముదం, అంటుకున్న కాగితాలు, అక్క, సమాధి దగ్గర లేవని పాట. మైకు తెరిచి ఉందని మరిచిపోయాను. చెప్పడం అయ్యాక, మార్తమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది.

"నువ్వా టీచరుగారూ? మూడేళ్ళ నుంచి మేమంతా భయపడింది నీకా?"

"నాకే" అన్నాను. "నేనూ దానికే భయపడ్డాను."

యేసుపాదం కర్ర ఊతంగా లేచి నా దగ్గరికి వచ్చాడు. "ఎవరి గొంతో నాకు మొదటి రోజే తెలుసమ్మా. నీ అంతట నువ్వు చెప్పాలని ఊరుకున్నా" అని, ప్రసన్న వైపు తిరిగి, "వెయ్యి పాపా. మూడోది ఒక్కటే. గట్టిగా" అన్నాడు.

వేసింది. ఎర్రటి ఎండలో, కల్లాలు కనిపించే ఆ వరండాలో, నా గొంతు మాట అందించింది. తర్వాత నేను ఇన్నేళ్ళుగా అనుకున్నది జరగలేదు. సంఘం వెంటనే పాడలేదు. డోలక్ ఆగిపోయింది. చక్రం తిరిగే చిన్న కిర్రుమనే చప్పుడు మాత్రం. ఎవరో ఊపిరి పీల్చుకున్నారు. ఒకరు దగ్గారు. ఆ ఖాళీ చాలా పొడుగ్గా ఉంది. అందులో ఒక పిల్ల పేజీ వెనక్కి తిప్పుతున్న చప్పుడు కూడా ఉంది, గాబరాగా. అప్పుడు ఒక్క గొంతు లేచింది. తోడు లేకుండా, డోలక్ లేకుండా. మంటి యిల్లు విడిచితిని. సలోమి. పంక్తి సగం దాకా తనొక్కతే పాడింది. తర్వాత డోలక్ వచ్చింది, తర్వాత జనం వచ్చారు.

"నేను కొట్టడం ఆపేశాను" అన్నాడు యేసుపాదం. "అందరం ఆగాం. సమాధి పాట అని అందరికీ తెలిసింది. ఆ యంత్రం ముందు నువ్వు ఏడుపు మొహం పెట్టావు. మీ అక్క ఎత్తుకుంది."

"అక్కకి తెలుసా అది ఏ పాటో?"

"తెలియకపోవడమేంటమ్మా! అంతకుముందు ఏడాదే గదా మీ అమ్మ గుంట పక్కన నిలబడి పాడింది."

ప్రతి పంక్తి చివరా నా కోసం ఖాళీ నింపిన మనిషి, ఆ రోజు అన్నిటికంటే పెద్ద ఖాళీని తన నోటితో నింపింది. అది ఏ పాటో తెలిసి నింపింది. నవ్వుతూ. నేను చూసిన నవ్వు అదే. ఆ చరణం తర్వాత ఆమెకి జరిగినది దేవుని చేతిలోది, నా వేలి కింది కాగితంలోది కాదు. ఇది తెలుసుకోవడానికి నాకు కావలసింది అరవై ఏళ్ళు కాదు. గొంతు తగ్గించకుండా ఒక్కసారి వినడం.

చివరికి రేడియో ఎటు తిరగాలో కూడా తేలింది. చేతులెత్తించారు. కొత్త పాటలకే ఎక్కువ వచ్చాయి. నేనూ వాటికే ఎత్తాను. రూతమ్మ ఆశ్చర్యంగా చూసింది. బతికి ఉన్న పిల్లలు పాడుతుంటే వినాలనిపించింది. పాత పాట సోమవారంతో ఆఖరు అన్నారు. నేను ఒక్కటే అడిగాను. ఆ ఆఖరి రోజు మూడో చరణానికి ఎవరూ తగ్గించొద్దు. వీలైతే పాడండి. మా అక్కకి సమాధి దగ్గర బాకీ పడిన చరణం అది.

మా కాలంలో నోటి మాట గాలిలో కలిసిపోయేది. అందుకనే దాన్ని వెనక్కి తీసుకోకూడదని అంత గట్టిగా పట్టుకునేవాళ్ళేమో. ఇప్పుడు చచ్చిపోయిన మనిషి గొంతుని వేలితో పెంచవచ్చు, తగ్గించవచ్చు, కొయ్యవచ్చు. ప్రసన్న ఆ పాటని నా ఫోనులో వేసి ఇచ్చింది. ఏది మంచి కాలమో నేను చెప్పలేను. అప్పుడు ఒకరి తప్పుని ఇంకొకరు పాడి మోసేవాళ్ళు. ఇప్పుడు ఎవరింట్లో వాళ్ళం తగ్గించుకుంటున్నాం. ఆ తేడా మాత్రం వీధిలో నిలబడి విన్నాను.

సోమవారం ఆరు గంటలకి అదే చోట నిలబడ్డాను. పక్కన రూతమ్మ. మార్తమ్మ ముఠా డబ్బాలతో నిలబడింది. ఆటో వచ్చి ఆగింది, ఎవరూ ఎక్కలేదు. రెండు చరణాలు అయ్యాయి. ఆ పిల్ల, అంటే నేను, మాట అందించింది. ఏ ఇంట్లోనూ రేడియో తగ్గలేదు. ఖాళీ వచ్చింది. వీధంతా ఆ ఖాళీలో నిలబడి ఉంది. సలోమి గొంతు లేచింది. దాని వెనక ముందుగా మార్తమ్మ, తర్వాత రూతమ్మ, ఇళ్ళల్లోంచి ఆడవాళ్ళు, మగవాళ్ళు, అరుగు మీద యేసుపాదం. నా నోరు కూడా తెరుచుకుంది. ముప్పై ఏళ్ళు కదిపిన పెదవుల వెనక గొంతు ఇంకా ఉందని నాకు తెలియదు. నన్ను పిలిచినవాడు వేరు, అని ముగించాం. రేడియోలో అక్క ఆఖరి అక్షరాన్ని ఎప్పటిలాగే సాగదీసి, నాలుగో చరణం మాట మీదికి వచ్చి ఆగింది.

ఆగింది. కానీ వీధి చివర నుంచి అదే అక్షరం ఇంకా సాగుతోంది. అదే తీరు, అదే మెల్లగా దిగడం. రేడియోలో కాదు. అందరికీ వినిపించింది, అందరూ అటే తిరిగారు. ఆ చివర ఉన్నవి మూడే. రెండిళ్ళకి తాళాలు. మూడోది మిరపకాయలు పోసే పాక.

"ఎవరే అది?" అంది మార్తమ్మ. వినీ వినీ ఆ సాగదీయడం నేర్చుకున్న ఏ కోతపిల్లో అయి ఉండవచ్చు. మంచులో ఏదీ సరిగ్గా కనిపించలేదు. ఆటో అతను హారన్ కొట్టాడు. రూతమ్మ నా చెయ్యి పట్టుకుని, "వెళ్ళి చూద్దామా వదినా?" అంది.

వెళ్ళలేదు. నా పేరు పిలువకుడి అని మా అక్క తెలిసే పాడింది. పిలవలేదు.

ఇది చదువుతున్న మీరు నాతో ఒక్క నిమిషం ఆగండి. మీకూ ఎక్కడో గొంతు తగ్గించేసిన ఒక చరణం ఉండే ఉంటుంది. దాన్ని గుర్తుచేసుకుని, కళ్ళు మూసుకుని, నేను అందించే ఈ మాటలు అందుకోండి: తండ్రీ, మా తప్పులు పడిన చోట ముందుగా లేచి పాడినవాళ్ళ కోసం నీకు స్తోత్రం. నీ దగ్గర చచ్చిపోయినవాళ్ళు ఎవరూ లేరని మేం నమ్ముతున్నాం. మాకు మిగిలిన ఖాళీని నింపడానికి మాకూ ఒక గొంతు ఇయ్యి. ఆమేన్ అనేటప్పుడు ఆఖరి అక్షరాన్ని కాస్త సాగదీయండి. మీ తర్వాతివాళ్ళు మాట వెతుక్కుంటూ ఉంటారు.